షష్టిపూర్తికి గోల్ఫ్ బహుమతి: కొత్త సెట్ కొనే ముందు అటక మీది బ్యాగు దించండి

అడిగిన ప్రశ్న ఇది: "మా నాన్నగారు బ్యాంకులో పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యారు. బెంగళూరులో ఉన్న రోజుల్లో ఆదివారాలు గోల్ఫ్ ఆడేవారు. 2015లో తిరుపతికి బదిలీ అయ్యాక మానేశారు. ఆగస్టు చివర్లో షష్టిపూర్తి. నేనూ తమ్ముడూ కలిసి పాతిక వేలు అనుకున్నాం. ఆన్‌లైన్‌లో ఒక ఫుల్ సెట్ చూసి పెట్టాం, కొనేయమంటారా? పాత స్నేహితులు ముగ్గురితో ఒక రోజు గోల్ఫ్ ఆడించాలని కూడా ఉంది. తిరుపతి నుంచి ఎటు వెళితే బాగుంటుంది?"

అమ్మా, ముందు ఆ సెట్‌ను కార్ట్‌లోంచి తీసేయండి. చెప్పులు కొనాలన్నా కాలి సైజు అడుగుతాం. గోల్ఫ్ క్లబ్బుకు, అంటే బంతిని కొట్టే కర్రకు, ఒక సైజుతో పోదు. పొడవు, బరువు, షాఫ్ట్ (తలకూ పిడికీ మధ్య కడ్డీ) బిగువు, గ్రిప్ (చేత్తో పట్టుకునే రబ్బరు పిడి) లావు, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, ఇన్ని చూడాలి. ఆయనకు తెలియకుండా తెచ్చి సర్‌ప్రైజ్ ఇస్తే పెద్దమనిషి మొహమాటానికి బాగుందంటారు. నాలుగు రోజులు ఆడి మూల పెడతారు.

మీ నాన్నగారి సంగతిలో ఇంకో చిక్కుంది. ఆయన ఆడింది యాభై ఏళ్లలోపు. అప్పట్లో ఐరన్లకు (పలచటి లోహపు తల ఉన్న క్లబ్బులకు) బహుశా స్టీల్ షాఫ్టులు వాడి ఉంటారు. స్టీల్ షాఫ్ట్ ఒక్కోటి మామూలుగా 95 నుంచి 130 గ్రాముల దాకా ఉంటుంది. గ్రాఫైట్ అయితే 50 నుంచి 80 గ్రాముల్లో వస్తుంది. పదేళ్లు ఆపి, అరవై దాటాక మళ్లీ మొదలుపెట్టే వాళ్లకు చేతి వేగం తగ్గి ఉంటుంది. అప్పటి బిగువు షాఫ్టుతోనే కొడితే బంతి లేవదు, కుడివైపుకు జారిపోతుంది. ఆయనకు ఇప్పుడు రెగ్యులర్ బిగువు సరిపోతుందా, ఇంకా మెత్తటి సీనియర్ కావాలా అన్నది నాలుగు బంతులు కొట్టించి చూసేవాడే చెప్పగలడు. అది తేలకుండా మీరు చూసిన పాతిక వేల సెట్‌ను నేను కొనమనను. పైగా పేరున్న కంపెనీ డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే పొడుగాటి క్లబ్బు) మార్కెట్ ధరలో మూడో వంతుకు ఎక్కడైనా కనిపిస్తే అది నకిలీయే అనుకోండి. ఇలాంటివి ఆన్‌లైన్‌లో చాలా తిరుగుతున్నాయి.

సరే, మరి ఆయన పాత బ్యాగు ఎక్కడుంది? పారేసి ఉండరని నా నమ్మకం. గోల్ఫ్ ఆడినవాళ్లు ఇంట్లో ఏదైనా పారేస్తారు గానీ బ్యాగు పారేయరు. అటక మీద చూడండి. దొరికితే మీ బహుమతి సగం దొరికినట్టే.

ఐరన్ల తలలు పదిహేనేళ్లయినా చెడిపోవు. రూల్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. అన్నీ ఉండాలని రూలేమీ లేదు. సరదాకి ఆడేవాళ్లకు దూరపు దెబ్బలకు ఒక ఫెయిర్‌వే వుడ్, ఒక హైబ్రిడ్, ఆరు, ఎనిమిది నంబర్ ఐరన్లు, దగ్గరి దెబ్బలకు పిచింగ్ వెడ్జ్, ఇసుక గుంటలకు శాండ్ వెడ్జ్, బంతిని హోల్‌లోకి దొర్లించే పట్టర్ ఉంటే హాయిగా గడిచిపోతుంది. మూడు, నాలుగు నంబర్ ఐరన్లు ఉంటే అటకకే వదిలేయండి, అరవైలో వాటితో కుస్తీ ఎందుకు?

బ్యాగు ఇన్నేళ్లూ కారు డిక్కీలో పడి ఉంటే మాత్రం ఒకటి చూసుకోవాలి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన డిక్కీలో అంతకు ఎంతో ఎక్కువ. క్లబ్ తలను షాఫ్టుకు పట్టి ఉంచేది ఎపాక్సీ జిగురు. వేడికి అది మెత్తబడి క్రమంగా పట్టు వదులుతుంది. షాఫ్టును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో తలను మెలితిప్పి చూడండి. ఏమాత్రం కదిలినా, ఊపితే లోపల గలగలమన్నా, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకండి. ఊడిన తల ఎటు ఎగిరి ఎవరికి తగులుతుందో తెలియదు.

ఇక గ్రిప్పులు. ఇవి మాత్రం తప్పకుండా పాడైపోయి ఉంటాయి. బొటనవేలితో గ్రిప్పును పై నుంచి కిందికి రుద్దండి. మంచి రబ్బరయితే వేలిని పట్టుకుంటుంది. పాతబడిందయితే నున్నగా జారిపోతుంది, బొటనవేలు ఆనే చోట మెరుపు కనిపిస్తుంది, చేతికి నల్లటి పొడి అంటుతుంది. జారే గ్రిప్పుతో ఆడేవాళ్లు తమకు తెలియకుండానే పిడికిలి బిగిస్తారు. పిడికిలి బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, భుజం బిగుస్తుంది, స్వింగ్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. నన్నడిగితే మీరు ఇవ్వదగ్గ మొదటి బహుమతి ఇదే: ఆయన పాత క్లబ్బులకు కొత్త గ్రిప్పులు వేయించడం. ఏడెనిమిది క్లబ్బులకు వేయించినా మీ బడ్జెట్‌లో చిన్న ముక్కే పోతుంది. వేళ్ల కీళ్లు నొప్పులుంటే మిడ్‌సైజ్ గ్రిప్పులు అడగండి. లావుగా ఉన్నదాన్ని గట్టిగా నొక్కాల్సిన పనుండదు.

చెన్నైలో గానీ బెంగళూరులో గానీ గోల్ఫ్ షాపువాళ్లు వేసి ఇస్తారు. మీ తమ్ముడికి చేతిపని మీద ఆసక్తి ఉంటే ఇంట్లోనే వేయొచ్చు. కొక్కెం బ్లేడుతో పాత గ్రిప్పును నిలువునా కోసి ఒలిచేయాలి. గ్రాఫైట్ షాఫ్టయితే బ్లేడు లోపలికి దిగకుండా జాగ్రత్త, గీత పడితే ఏదో ఒక రోజు అక్కడే విరుగుతుంది. లోపలి పాత టేపు మొత్తం గీకేసి, రెండు వైపులా అంటుకునే టేపును గ్రిప్ పొడవునా అతికించి, పై అంచును షాఫ్ట్ గొట్టంలోకి మడవాలి. కొత్త గ్రిప్ అడుగున ఉండే చిన్న రంధ్రాన్ని వేలితో మూసి, పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ లోపల పోసి, బాగా ఆడించి, అదే టేపు మీద ఒంపేయాలి. తడి ఆరకముందే ఒక్క ఊపులో గ్రిప్పును చివరిదాకా తోసేయాలి. సగంలో ఆగితే అది ఇక ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మీద ఉన్న గుర్తులు క్లబ్ ముఖానికి నేరుగా ఉన్నాయో లేదో సరిచూసి, రాత్రంతా కదిలించకుండా వదిలేయండి. వంటింటికి దూరంగా, కిటికీలు తీసి చెయ్యండి, ఆ ద్రవం తొందరగా అంటుకుంటుంది.

గ్లవ్ మంచి బహుమతి. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ చేతికి వేసుకుంటారు. అంగట్లో ఇది తారుమారై వెనక్కి ఇచ్చేవాళ్లు చాలామంది. మెత్తటి తోలు గ్లవ్ చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ మన ఉక్కపోతకు చెమట తాగి, ఆరాక అప్పడంలా అవుతుంది. సింథటిక్ ఆల్ వెదర్ రకం మూడు కొనండి, మార్చి మార్చి వేసుకుంటారు.

బంతుల్లో డబ్బు తగలేయకండి. టీవీలో ప్రొఫెషనల్స్ ఆడే యూరిథేన్ కవర్ బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గర గింగిరాలు తిరిగి ఆగేది నిజమే, అయితే అలా ఆపే దెబ్బ ముందు చేతిలో ఉండాలి. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు తొలి నెలల్లో బంతులు పోగొట్టుకుంటారు. మెత్తటి టూ పీస్ (లోపల ఒక గుండు, పైన ఒక తొడుగు) బంతులు, స్రిక్సన్ సాఫ్ట్ ఫీల్, క్యాలవే సూపర్‌సాఫ్ట్ లాంటివి రెండు డజన్లు చాలు. బంతి మీద ఆయన పేరులో మొదటి అక్షరం అచ్చు వేయిస్తే పనికొస్తుంది కూడా. తన బంతిని గుర్తుపట్టేలా ఏదో ఒక గుర్తు పెట్టుకోమని రూల్సే చెబుతాయి. తిరుపతి కదా అని శ్రీవారి నామం వేయించి తెచ్చిన వాళ్లను చూశాను. వద్దమ్మా. ఇనప కర్రతో కొట్టి, బురదలో పారేసుకుని, ఒక్కోసారి బూటుకాలితో వెతుక్కునే వస్తువు మీద నామం ఏమిటి?

లేజర్ రేంజ్‌ఫైండర్ అని ఒకటి మీకు ప్రకటనల్లో కనిపిస్తూ ఉంటుంది. హోల్‌లో పాతిన జెండా ఎంత దూరంలో ఉందో చెబుతుంది. మన గోల్ఫ్ మైదానాల్లో చాలా చోట్ల కేడీ (బ్యాగు మోసే మనిషి) ఉంటాడు. రోజూ ఆ నేల మీదే తిరిగే మనిషి, దూరం చెప్పడమే కాదు, "సార్, గాలి ఎదురుంది, ఒక క్లబ్ పెంచండి" అంటాడు, అంటే ఇంకాస్త దూరం కొట్టే క్లబ్బు తీయమని. ఆ యంత్రం ఆ మాట చెప్పదు. ఇప్పుడే అవసరం లేదు. బూట్ల దగ్గర కూడా ఆగండి, ఆయన్ని తీసుకెళ్లి కొనండి. ఇనుప మేకుల పాత బూట్లు ఉంటే మాత్రం వాడనివ్వకండి, చాలా క్లబ్బులు వాటిని గ్రీన్ మీదికి రానివ్వవు.

మిగిలిన డబ్బులో పెద్ద వాటా పాఠాలకు పెట్టండి. నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్న కోచ్ దగ్గర నాలుగైదు క్లాసులకు ముందే డబ్బు కట్టి, ఆ రసీదు కవర్లో పెట్టి షష్టిపూర్తి రోజున చేతికివ్వండి. పాత అలవాట్లు ఎక్కడ వంకరపోయాయో ఒక మంచి కోచ్ అరగంటలో పట్టేస్తాడు. సరైన క్లబ్బులు ఏవో కూడా అప్పుడే తేలుతుంది. ఆ తర్వాత ఆయనే స్వయంగా కొనుక్కుంటారు, రిటైర్మెంట్ డబ్బు ఉండనే ఉంది కదా.

ఇంట్లో ప్రాక్టీస్ అంటే నా ఓటు పట్టింగ్‌కే. పార్ 72 కోర్సులో (18 హోల్స్ 72 దెబ్బల్లో ముగించాలని లెక్క ఉన్న మైదానంలో), లెక్క ప్రకారం హోల్‌కు రెండు చొప్పున 36 దెబ్బలు పట్టర్‌వే. అంటే సగం ఆట. పదడుగుల పట్టింగ్ మ్యాట్ హాల్లో పరిస్తే చాలు. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు. మ్యాట్ మీద అంతకంటే చిన్న గురి, ఒక స్టీలు గ్లాసు బోర్లించి దానికి తగిలేలా కొట్టమనండి. కోర్సుకు వెళ్లినప్పుడు హోల్ పెద్దదిగా కనిపిస్తుంది. మిద్దె మీద నెట్ కట్టి డ్రైవర్ కొడతానంటే మాత్రం అసలు బంతులు ఇవ్వకండి. 46 గ్రాముల గట్టి బంతి నెట్ అంచు దాటిందంటే పక్కింటి వాటర్ ట్యాంకో సోలార్ ప్యానలో పోతుంది, మనిషికి తగిలితే ఇంకా పెద్ద గొడవ. స్పాంజి బంతులు దొరుకుతాయి, అవి కొనండి.

ఇక ప్రయాణం. తిరుపతి నుంచి చెన్నై దగ్గర, 135 కిలోమీటర్లకు అటూ ఇటూ. బెంగళూరు దాదాపు 250. దగ్గర కదా అని అందరూ చెన్నై అంటారు. నందనంలో కాస్మోపాలిటన్ క్లబ్ కోర్స్ ఉంది, ఊరి నడిబొడ్డున పచ్చగా బాగుంటుంది కూడా. అయినా మీ నాన్నగారికి నేను బెంగళూరే చెబుతాను. ఒకటి, ఆగస్టులో చెన్నై ఉక్కకు అరవై ఏళ్ల మనిషి తొమ్మిది హోల్స్‌కే డీలా పడతారు. బెంగళూరులో ఆ నెల పొద్దుటిపూట చల్లగా ఉంటుంది, వాన వచ్చినా ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే. రెండు, ఆయన ఆడింది అక్కడే. పాత స్నేహితుల్లో ఒక్కరికైనా క్లబ్ సభ్యత్వం ఉండొచ్చు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 1876 నాటి బెంగళూరు గోల్ఫ్ క్లబ్ గానీ, కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్స్ గానీ, ఇలాంటి చోట్లకు సభ్యుడి అతిథిగా వెళ్లడం ఒక లెక్క, బయటివాడిగా ఫోన్ చేసి స్లాట్ అడగడం ఇంకో లెక్క. సభ్యుడు ఎవరూ లేకపోతే నంది కొండల దగ్గరి ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ లాంటి రిసార్ట్ కోర్సుల్లో అడగండి. శని, ఆదివారాల కంటే మామూలు రోజుల్లో గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడటానికి కట్టే రుసుము) తక్కువ. రిటైరైన వాళ్లకు మంగళవారమైతేనేం, బుధవారమైతేనేం?

పొద్దున ఆరింటికి టీ ఆఫ్ (మొదటి దెబ్బ) అంటే అర్ధరాత్రి ఇల్లు కదలాలి. ఆ పని వద్దు. ముందు రోజు మధ్యాహ్నం బయల్దేరి చిత్తూరు, పలమనేరు మీదుగా వెళ్లండి. ముళబాగిలులో దోసె తినకుండా దాటితే మీ నాన్నగారే ఊరుకోరు. రాత్రికి బెంగళూరులో నిద్రపోయి, తెల్లారి తీరిగ్గా కోర్సుకు వెళ్లొచ్చు. ఆగస్టులో కుదరక బ్రహ్మోత్సవాల రోజుల్లోకి వాయిదా పడిందంటే, తిరుపతి నుంచి కారు బయటపడటమే పెద్ద పని, ఆ పది రోజులూ తప్పించండి.

కాలరున్న టీషర్టు, ప్యాంటు లేదా మోకాళ్ల దాకా ఉండే షార్ట్స్ వేసుకోవాలి. జీన్స్, రౌండ్ నెక్ టీషర్ట్ వేసుకుంటే గేటు దగ్గరే ఆపే క్లబ్బులున్నాయి. కేడీలకు నగదు ఇవ్వాల్సి రావచ్చు, చిల్లర నోట్లు జేబులో ఉంచండి. కోర్సులో తిరిగే బండి (కార్ట్) దొరక్కపోయినా భయపడొద్దు, 18 హోల్స్ నడక ఎనిమిది, పది కిలోమీటర్లుంటుంది, నాలుగు గంటల పైన పడుతుంది. అలిపిరి 3,550 మెట్లు ఎక్కే అలవాటున్న మనిషికి అది లెక్కలోకి రాదు. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం ముందే కార్ట్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఉప్పు వేసిన మజ్జిగ సీసాలు రెండు పెట్టి పంపండి. ఉరుములు మొదలై సైరన్ మోగితే ఆట ఎంత బాగా సాగుతున్నా వదిలేసి లోపలికి రావాలి, చెట్ల కింద నిలబడకూడదు, గొడుగు విప్పకూడదు. స్నేహితులు నలుగురూ ఉన్నప్పుడు "ఈ ఒక్క హోల్ అయిపోనీ" అనే మాట వస్తుంది. అందుకే రాస్తున్నాను.

నలుగురి ఆట నాలుగు రకాలుగా ఉంటుంది కాబట్టి దెబ్బలన్నీ లెక్కపెట్టే పద్ధతి వద్దు. ఒక హోల్‌లో పన్నెండు కొట్టిన మనిషికి మిగతా రోజంతా మూడ్ పోతుంది. స్టేబుల్‌ఫోర్డ్ ఆడమనండి, అందులో హోల్‌కు ఇన్ని పాయింట్లని లెక్క. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల మినహాయింపు) తీసేశాక పార్‌కు 2 పాయింట్లు, బోగీకి (పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువ) 1, బర్డీకి (ఒక దెబ్బ తక్కువ) 3, డబుల్ బోగీ గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే సున్నా. సున్నా అని తేలిపోగానే బంతి జేబులో వేసుకుని నడవడమే. ఇంకా సరదాగా ఉండాలంటే స్క్రాంబుల్: ఇద్దరిద్దరు జట్టు, ఇద్దరూ కొడతారు, బాగా పడిన బంతి దగ్గర నుంచే ఇద్దరూ మళ్లీ కొడతారు. పదేళ్లుగా ఆడని మనిషికి ఇదే హాయి, తన చెడ్డ దెబ్బ ఎవరికీ గుర్తుండదు. చివర్లో ప్రైజులంటూ షీల్డులు ఇవ్వకండి, ఇళ్లలో వాటికి చోటు లేదు. మూడు బంతుల ప్యాకెట్ ఇస్తే మర్నాడే వాడుకుంటారు.

మీ నాన్నగారు మానేశాక రూల్స్ మారాయి, మొదటి హోల్ దగ్గరే స్నేహితులతో వాదనకు దిగకుండా ముందే చెప్పండి. 2019 నుంచి జెండా కర్ర తీయకుండానే పట్ చేయొచ్చు. పోయిన బంతి వెతకడానికి ఐదు నిమిషాలు కాదు, మూడే. బంతిని డ్రాప్ చేసేది (చేత్తో కిందికి వదిలేది) భుజం ఎత్తు నుంచి కాదు, మోకాలి ఎత్తు నుంచి. 2020లో ప్రపంచమంతటికీ ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి వచ్చింది, గరిష్ఠం 54. ఆయన పాత కార్డు మీది అంకె ఇప్పుడు చెల్లదు. బంతి దూరం తగ్గిస్తారన్న వార్త చదివి కంగారు పడే పనీ లేదు. 2023 డిసెంబర్‌లో ప్రకటించినదాని ప్రకారం సరదాకి ఆడేవాళ్లకు ఆ కొత్త ప్రమాణం 2030లో గానీ రాదు. ఆయన వేగానికి ఆ తేడా నాలుగైదు గజాలు కూడా ఉండదు.

డ్రైవర్ లేకుండా గోల్ఫ్ ఏమిటని ఆయన గొణిగితే ఢిల్లీ సంగతి చెప్పండి. 2025 ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచి కెరీర్ గ్రాండ్‌స్లామ్ (నాలుగు పెద్ద టోర్నీలూ గెలవడం) పూర్తిచేసిన రోరీ మెకిల్రాయ్, అదే ఏడాది అక్టోబర్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియా చాంపియన్‌షిప్ ఆడినప్పుడు డ్రైవర్‌ను పక్కన పెట్టేశాడు. అక్కడి దారులు ఇరుకు, రెండు పక్కలా పొదలు. టోర్నీ టామీ ఫ్లీట్‌వుడ్ గెలిచాడనుకోండి, అది వేరే మాట.

మీరు రాయనివి రెండున్నాయి. నాన్నగారిది కుడిచేతి వాటమా, ఎడమా? పాత బ్యాగు దొరికిందా? దొరికితే ఏ క్లబ్బులున్నాయో, షాఫ్టు మీది స్టిక్కర్‌లో ‘ఆర్’ (రెగ్యులర్) ఉందో ‘ఎస్’ (స్టిఫ్, అంటే బిగువైనది) ఉందో చూసి ఇక్కడే రాయండి. గ్రిప్పులు ఎన్ని, ఏ సైజువి కావాలో చెబుతాను. గ్లవ్ కోసం, అది వేసుకునే చేతి అరచేతి చుట్టుకొలత, మధ్యవేలి పొడవు కూడా కావాలి. ఆయన నిద్రపోతున్నప్పుడు కొలవడం కుదరకపోతే, గడియారం పట్టీ కొంటున్నామని ఏదో ఒకటి చెప్పి కొలిచేయండి.